బృహద్ధమనికి తొడసిర: మన మూడు జిల్లాలకు కావలసినదేమి?

వెన్నెముకకు ముందుభాగమున, ఇంచుమించు రెండు సెంటీమీటర్ల వ్యాసముతో పొట్టలోనికి దిగివచ్చి, బొడ్డునకు సమీపమున రెండు శాఖలై కాళ్ళకు రక్తమును పంచునట్టి బృహద్ధమని గోడను సూక్ష్మజీవులు పట్టి, ఆ గోడ మెత్తబడి, ఒక ప్రక్కకు ఉబ్బి, నేడో రేపో పగులుటకు సిద్ధమైనప్పుడు, చెడిన భాగమును సమూలముగా కోసివైచి, దాని స్థానమున ఆ రోగి తొడనుండియే తీసిన లోతుసిరను కుట్టి నిలిపెడి శస్త్రచికిత్స యొకటి గడచిన ముప్పది యేండ్లకు పైగా ప్రపంచమున జరుగుచున్నది. అందులో వెలకు కొనితెచ్చి దేహమున మిగిల్చెడి వస్తువు కుట్టుదార మొక్కటే. ఇట్టి మహాచికిత్సను గూర్చి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పాఠకులకు చెప్పవలసిన పని యేమని ఎవరైన అడుగవచ్చును. పని కలదనియు, అయితే అది శస్త్రచికిత్సాగారమున గాక జ్వరపడిన మనిషి మంచము నొద్దనే మొదలగుచున్నదనియు నా అభిప్రాయము.

రక్తనాళములను రక్తము కారకుండ ఒకదానితో నొకటి కుట్టెడి విద్యను నిరూపించినందులకు అలెక్సిస్ కారెల్ 1912లో నోబెల్ బహుమాన మందెను. 1951లో పారిస్ నగరమున షార్ల్ దుబోస్త్ అనువాడు ఉబ్బిన బృహద్ధమనిని తొలగించి, మృతుని దేహమునుండి సేకరించిన ధమనిని దాని చోట నమర్చెను. పిమ్మట కొలది కాలమునకే హ్యూస్టన్ వైద్యుడైన మైకేల్ డిబేకీ దుకాణమున డేక్రాన్ గుడ్డ కొని, భార్య కుట్టుమిషను మీద దానిని గొట్టముగా కుట్టి చూచిన వృత్తాంతము వైద్యలోకమున సుప్రసిద్ధము. ఆ గుడ్డగొట్టము లక్షలాది ప్రాణములను కాపాడినది. దానిని చిన్నచూపు చూచుట కృతఘ్నత. కాని దాని యోగ్యత యంతయు శుభ్రమైన తావుననే. చీము పట్టిన చోట గుడ్డను పెట్టినచో, సూక్ష్మజీవులు దాని పోగుల సందున జిగురుపొర కట్టుకొని కూర్చుండును. ఆ పొరలోనికి ఏ యాంటీబయాటిక్ మందును సరిగా చొరబడజాలదు. ఊటలు పట్టి నానిపోయిన కట్టమీద క్రొత్తమట్టి యెంత పోసినను నిలువదని కాకతీయుల చెరువుల క్రింద సేద్యము చేయు మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు.

అందువలన పూర్వము శస్త్రవైద్యులు చెడిన బృహద్ధమనిని కోసి, మిగిలిన మొండిని కుట్టి మూసివేసి, భుజము క్రింది ధమనినుండి చర్మము దిగువగా ఒక పొడవైన కృత్రిమనాళమును రెండు గజ్జలకు దింపి కాళ్ళకు రక్తము నందించుచుండిరి. సూక్ష్మజీవులున్న చోటికి దూరముగా పోవుటయే ఇందలి యుక్తి. కాని ఆ సన్నని దూరపు గొట్టము తరచు పూడిపోవుచుండెను. అంతకంటె ఘోరమైనదేమనగా, మూసిన మొండి కొన్నాళ్ళకు తెగి, రోగి క్షణములలో మరణించుట గలదు. గుడ్డకు బదులు దేహములోని సిరనే వాడుదమని కాలిలో పైపైన పోవు సన్నసిరతో ప్రయత్నించినవారును గలరు గాని, ఆ సిర బృహద్ధమని ప్రవాహమునకు చాలక ఇరుకై చెడిపోయెను.

1993లో డల్లాస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయమునకు చెందిన పాట్రిక్ క్లాగెట్ బృందమువారు తొడలోని లోతుసిరను ఈ కార్యమునకు వినియోగించి ఫలితములను ప్రకటించిరి. ఇంచుమించు ఆ కాలముననే బెల్జియములోని లూవెన్ నగరమున ఆండ్రే నెవెల్‌స్టీన్ కూడ ఆ మార్గముననే నడచెను. దీని పద్ధతిని కొంచెము దగ్గరగా చూచుట యుక్తము. ముందుగా అల్ట్రాసౌండ్ పరీక్షచేత తొడసిరలలో రక్తపుగడ్డలు లేవని రూఢి చేసికొందురు. తరువాత తొడను గజ్జ మొదలు మోకాలి వరకు తెరచి, సిరలో వచ్చి కలియు చిన్నశాఖల నన్నిటిని ఒక్కొక్కటిగా ముడివేయుదురు. ఈ ముడులలో ఒక్కటి జారినను పొట్టలో రక్తము చిమ్మును, ఏలయన సిర పుట్టినది మొదలు ఎన్నడు నెరుగని ఒత్తిడిని ఇకమీదట అది భరింపవలసియున్నది. సిరలోపల రక్తము వెనుకకు మరలకుండ ప్రకృతి యమర్చిన కవాటములు ఇప్పుడు అడ్డు తగులును గావున, కొందరు వైద్యులు సిరను లోపలివైపు వెలికి వచ్చునట్లు తిరుగవేసి, కంటితో చూచుచు సన్నని కత్తెరతో వానిని కత్తిరించి, మరల యథాస్థితికి తెత్తురు. రెండు తొడల సిరలును తీసినచో పైకొసలను జోడించి ఒకే మూతిగా చేసి, ఆ మూతిని బృహద్ధమనికిని, దిగువ కొసలను కాళ్ళకు పోవు ధమనులకును కుట్టుదురు. ప్రేగులమీద వ్రేలాడు కొవ్వుపొరను తెచ్చి ఆ క్రొత్తనాళము చుట్టును కప్పుట మరియొక జాగ్రత్త.

లోతుసిరను తీసివేసిన కాలు ఏమగునని సందేహము సహజముగా కలుగును. తొడ కండరముల నడుమ పోవు మరియొక లోతుసిర కలదు. రెండును కలియు చోటు చెడకుండ కోసినచో రక్తము ఆ మార్గమున గుండెకు చేరుకొనును. కొన్నాళ్ళు కాలు వాచును, మేజోళ్ళు తొడిగికొనవలసి యుండును, కొందరికి బిగిసిన కండరపుపొరను కోసి ఒత్తిడి తగ్గింపవలసి వచ్చును. కాలు పోవుట మాత్రము అరుదు.

ఈ చికిత్స సులభమని యెవరైన చెప్పినచో నమ్మరాదు. రెండు బృందములు ఒకేసారి పనిచేసినను గంటల తరబడి సాగును. రక్తనిధి, మత్తువైద్యులు, రాత్రింబగళ్ళు కనిపెట్టియుండు ఐసీయూ కావలెను. నేర్పరుల చేతులలో సైతము నూటికి పదిమంది వరకు నెల తిరుగకముందే మరణించినట్లు లెక్కలు కలవు. అయినను ఆ తొలిగండము గడచినవారిలో సిర మరల చీముపట్టుట గాని, పూడిపోవుట గాని చాల తక్కువ. గజ్జలోని ధమనిద్వారా లోపలినుండియే తొడుగును చొప్పించు స్టెంటు పద్ధతిని 1990లో బ్యూనస్ ఐరిస్ నగరమున పరోడీ అను వైద్యుడు ఆరంభించెను. పగిలి ప్రాణము పోవుచున్న రోగిని ఆ పూటకు నిలుపుటకు అది గొప్ప సాధనమే. కాని సూక్ష్మజీవులున్న చోట మరల గుడ్డనే పెట్టినట్లగును గావున, దానినే నమ్ముకొనినవారు యావజ్జీవము మందులు మ్రింగవలసియుండును. మృతుల ధమనులను శీతలీకరించి నిలువచేయు నిధులు మనకు చేరువలో లేవు. ఇన్ని తలపోసి చూడగా, బీదవానికి తన తొడసిరయే తగిన గ్రాఫ్టు. అది అమ్మకమునకు దొరకదు, వెల పెరుగదు, దేహము దానిని పరాయిదని నిరాకరింపదు.

ఇక అసలు విషయమునకు వత్తును. బృహద్ధమని గోడకు సూక్ష్మజీవులు ఎక్కడనుండి వచ్చును? 1885లో విలియమ్ ఓస్లర్ లండన్ వైద్యపరిషత్తులో ఉపన్యసించుచు, గుండె కవాటములనుండి కొట్టుకొనివచ్చిన సూక్ష్మజీవులు ధమని గోడలో నాటుకొని దానిని ఉబ్బించునని వివరించెను. నేడు స్టాఫిలోకాకస్, సాల్మొనెల్లా అనునవి ముఖ్యకారణములు. పాశ్చాత్యదేశములలో బృహద్ధమని ఉబ్బులలో నూటికి ఒకటి రెండు మాత్రమే ఇట్టివి కాగా, తూర్పు ఆసియా దేశములలో అంతకు అనేకరెట్లు కనబడుచున్నవి. బీడీ చుట్టలవలనను వయస్సువలనను లోపల గరుకెక్కిన ధమనిలో, సుగర్ వ్యాధిచేత బలహీనమైన దేహమున, రక్తమునందు తిరుగుచున్న సూక్ష్మజీవికి చోటు దొరకుట ఆశ్చర్యము కాదు. అప్పుడు కనిపించు లక్షణము లేవి? విడువని జ్వరము, నడుమునొప్పి, పొట్టలో దడదడ. ఈ మూటిలో మొదటి రెండును లేని ఇల్లు వరినాట్ల కాలమున మన పల్లెలలో నున్నదా?

మన తావున ఇంకొక సూక్ష్మజీవిని తప్పక తలపవలెను. మెలియాయిడోసిస్ అను వ్యాధిని కలిగించు జీవి నేలలో, బురదలో, మడినీటిలో నివసించును. కాలి పగుళ్ళద్వారా, గాయములద్వారా, ఒక్కొక్కప్పుడు ఊపిరిద్వారా దేహమున ప్రవేశించును. వానకాలమున, ముఖ్యముగా సుగర్ వ్యాధిగ్రస్తులను పట్టును. ఊపిరితిత్తులను చెరచి క్షయయని భ్రమపెట్టును. కొందరిలో బృహద్ధమనిని తినివేయును. దీనిని తొలుత గుర్తించి, 1912లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో లోకమునకు వెల్లడించినవారు రంగూన్ ఆసుపత్రిలో పనిచేసిన ఆల్ఫ్రెడ్ విట్‌మోర్, కృష్ణస్వామి అను ఇరువురు వైద్యులు. ఆనాటి రంగూన్ రేవులో మూటలు మోసినవారిలో తెలుగువారు అసంఖ్యాకులని చరిత్ర చదివినవారెరుగుదురు. నూరేండ్లు గడచిన పిమ్మట, 2025 సెప్టెంబరులో, గుంటూరు జిల్లా తురకపాలెమున వరుసగా మరణములు సంభవించినప్పుడు ఈ వ్యాధిపేరు అనుమానరూపమున తెలుగు పత్రికల కెక్కినది. అంతవరకు ఆ పేరు విన్న తెలుగు పాఠకుడు అరుదు. సాధారణముగా వాడు జెంటామైసిన్ వంటి ఇంజెక్షనులకు ఈ జీవి లొంగదు. సెఫ్టాజిడైమ్ గాని మెరోపెనెమ్ గాని నరమునకు వారముల తరబడి ఎక్కించి, తరువాత నెలల తరబడి మాత్రలు వాడవలెను. ధమనికే పట్టినచో ఎనిమిది వారముల ఇంజెక్షను, ఆపైన ఆరునెలల మాత్రలు వాడవలెనని ఈ వ్యాధిని మిక్కిలి చూచిన ఆస్ట్రేలియా వైద్యుల విధానము. మందేదో తెలియక, ఎంత చక్కగా సిర కుట్టినను, ఆ కుట్టు నిలుచునా?

మన ఊళ్ళలో జరుగుచున్నదేమనగా: జ్వరము వచ్చిన మొదటిదినమే ఆర్.ఎం.పీ. వచ్చి ఒక సెలైన్ సీసా, అందులో ఒక యాంటీబయాటిక్. మూడవదినమున తగ్గకున్న, మందు మార్పు. ఐదవదినమున మండలకేంద్రములోని ల్యాబులో వైడాల్ పరీక్ష, టైఫాయిడని తీర్పు. ఒక్క వైడాల్ కాగితముతో టైఫాయిడని నిశ్చయించుట శాస్త్రసమ్మతము కాదని వైద్యకళాశాలలో చదివిన ప్రతివారికిని తెలిసినను, ఆ కాగితము మన జిల్లాలలో రాజముద్ర వలె చెల్లుబాటగుచునే యున్నది. ఆర్.ఎం.పీ.లను నిందించుట నా యుద్దేశము కాదు. అర్ధరాత్రి తలుపు తట్టినచో పలికెడివారు వారే. కాని ఆ తొలి యాంటీబయాటిక్ చుక్క రక్తములో పడినంతనే, రక్తములోని సూక్ష్మజీవి చావకయే దాగికొనును. తరువాత ఏ పరీక్షకును సరిగా చిక్కదు. మూడు వారముల పిమ్మట హైదరాబాదులో సి.టి. స్కానులో బృహద్ధమని ఒకప్రక్క ఉబ్బి, దాని చుట్టును కొవ్వు మసకబారి కనబడినప్పుడు, శస్త్రవైద్యుడు చీకటిలో మందు ఎంపిక చేయవలసి వచ్చును.

దీనికి విరుగుడు బ్లడ్ కల్చర్. ఇది ఏ అద్భుతయంత్రమును కాదు. సీసా మూతను స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి, చేతి చర్మమును శుభ్రపరచి, రెండుచేతులనుండి వేరువేరుగా సీసాకు ఎనిమిది పది మిల్లీలీటర్ల చొప్పున రక్తము తీసి, సీసాపై పేరు, సమయము వ్రాసి, ఫ్రిజ్‌లో పెట్టక ల్యాబునకు పంపుట. అక్కడ 37 డిగ్రీల వెచ్చదనమున ఐదుదినముల వరకు కనిపెట్టుట. పెరిగిన జీవి యేదో, ఏ మందునకు లొంగునో చెప్పుట. రక్తము తీయుట మాత్రము మొదటి యాంటీబయాటిక్‌కు ముందే జరుగవలెను. పెరిగినది మెలియాయిడోసిస్ జీవి యైనచో, తెలియని ల్యాబువారు దానిని సూడోమోనాస్ అనియో, బయటినుండి కలిసిన కల్మషమనియో త్రోసివేయుట కలదు గావున, వారికి ఆ శిక్షణయు నీయవలెను. తొడసిర శస్త్రచికిత్స యొక్క జయాపజయములు సగము ఈ సీసాలోనే నిర్ణయమగుచున్నవని చెప్పుటకు నేను వెనుదీయను.

ఇప్పుడు మన జిల్లాల స్థితి చూతము. 2016 అక్టోబరు 11న ఈ మూడును ప్రధానముగా పూర్వపు వరంగల్లు జిల్లానుండి విడివడి జిల్లాలైనవి. 2022లో మహబూబాబాదునకును, 2023లో జనగామ, భూపాలపల్లిలకును ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. 2021 నుండి తెలంగాణా డయాగ్నస్టిక్స్ పేరిట జిల్లాలలో ఉచిత పరీక్షాకేంద్రములు వెలసినవి. 2007లో పుట్టిన ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పదిలక్షల రూపాయలకు పెరిగినది. వీనిని తక్కువచేయుట న్యాయము కాదు. వైద్యకళాశాల యన్నచో మైక్రోబయాలజీ శాఖ యుండవలసినదే; కావున బ్లడ్ కల్చర్ చేయుటకు మనుష్యులు, విద్య, గదులు ఉన్నట్లే. కావలసినది ఆ శాఖను పాఠముల శాఖగా గాక, అర్ధరాత్రి జ్వరరోగికి సమాధానము చెప్పు శాఖగా నడిపించుట. సీసాలు అత్యవసర విభాగపు బల్లపై ఎల్లవేళల నుండుట. ఫలితము రోగి ఫోనునకును, అతనిని చూచుచున్న వైద్యునికిని చేరుట. భూపాలపల్లిలో సింగరేణి ఏరియా ఆసుపత్రి యొకటి వేరుగా కలదు. గనికార్మికులకు, పొలముకూలీలకు వేర్వేరు సూక్ష్మజీవులు లేవు గావున, ఆ ఆసుపత్రియు జిల్లా ఆసుపత్రియు ఈ విషయమున ఒకే ల్యాబును నమ్ముకొనిన తప్పులేదు.

దూరము మాటయు తలపవలెను. జనగామనుండి రైలెక్కినచో కొలది గంటలలో సికింద్రాబాదు చేరవచ్చును. మహబూబాబాదువారికి కాజీపేట, విజయవాడల నడుమ పోవు బండ్లు కలవు. భూపాలపల్లికి ప్రయాణికుల రైలే లేదు, పరకాల మీదుగా వరంగల్లుకు, అచ్చటినుండి జనగామ దాటి హైదరాబాదుకు రోడ్డే శరణ్యము. పగిలిన బృహద్ధమని ఈ ప్రయాణమునకు ఆగదు. పగులకముందు గుర్తించిన బృహద్ధమని, కల్చర్ ఫలితముతో, సరియైన మందు నరమున పడుచుండగా, 108 వాహనమున హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రి వరకు పోగలదు. ఈ రెండవ రోగికే తొడసిర చికిత్స దక్కును.

అయినను అంతయు హైదరాబాదే చేయవలెనా? 1959లో స్థాపితమైన కాకతీయ వైద్యకళాశాలయు, ఎంజీఎం ఆసుపత్రియు వరంగల్లున నున్నవి. 2021 జూనులో శంకుస్థాపన జరిగి, పాత సెంట్రల్ జైలు స్థలమున 24 అంతస్తుల మహాభవనము లేచినది. ఆ అంతస్తులలో రక్తనాళ శస్త్రచికిత్సకు సంపూర్ణమైన విభాగ మొకటి, కనీసము నలుగురు శిక్షితవైద్యులతో, పగలురాత్రులు నడుచునట్లు ఏర్పరుపవలెనని నేను కోరుచున్నాను. ఏడాదికి ఒకటి రెండు వచ్చు వ్యాధికై ఇంత వ్యయమా యని లెక్కలవారు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే గాని లెక్క తప్పు. ఆ విభాగము ప్రతిదినము చేయు పని వేరు: సుగర్ వ్యాధిచేత నల్లబడుచున్న పాదమునకు రక్తము మరల పారించి, కాలు తీయకుండ ఆపుట, రోడ్డు ప్రమాదమున తెగిన తొడధమనిని ఆరు గంటలు దాటకముందే కుట్టుట, డయాలిసిస్ చేయించుకొనువారి చేతిలో ధమనిని సిరతో కలిపి ఫిస్టులా యమర్చుట. రోజూ సిరలను ధమనులకు కుట్టుచున్న చేతులే ఏడాదికొకమారు వచ్చు చీముపట్టిన బృహద్ధమనిని ఎదుర్కొనగలవు. అట్లే బ్లడ్ కల్చర్ సీసా సైతము ఈ యొక్క వ్యాధికొరకు మాత్రమే కాదు. బాలింతల జ్వరము, పసిబిడ్డల జ్వరము, గుండెకవాటముల చీము, నిజమైన టైఫాయిడ్ అన్నియు దానిగుండనే తెలియును. ఏ మందు పనిచేయదో తెలిసికొనకయే మందు మార్చి మార్చి వాడు మన అలవాటునకు కూడ అదియే కళ్ళెము.

ఆరోగ్యశ్రీ అధికారులకు ఒక మనవి. ఇట్టి రోగికి శస్త్రచికిత్స ముగిసిన దినముననే చికిత్స ముగియదు. వారముల ఇంజెక్షనులు, నెలల మాత్రలు, మూడునెలల కొకమారు స్కాను దానిలో భాగములే. ఆ ఇంజెక్షనులను హైదరాబాదు పడకపై గాక మహబూబాబాద్ జిల్లా ఆసుపత్రిలోనో, గూడూరు, మహదేవపూర్, పాలకుర్తి వంటి చోట్ల ఇంటికి దగ్గరి ఆసుపత్రిలోనో ఇచ్చునట్లు ఒకే ప్యాకేజీగా కట్టినచో, ప్రభుత్వమునకు వ్యయము తగ్గును, కూలి పోగొట్టుకొని రోగి ప్రక్కన కూర్చుండు కొడుకునకు పని దక్కును.

పాఠకులకు చెప్పవలసినది చాల చిన్నమాట. మీ ఇంట సుగర్ వ్యాధి గల పెద్దవారికి వారము దినములు దాటినను జ్వరము విడువక, నడుమో పొట్టయో నొచ్చుచున్నచో, మరియొక ఇంజెక్షనుకు చేయి చాపకముందే జిల్లా ఆసుపత్రికి పోయి బ్లడ్ కల్చర్ చేయుడని అడుగుడు. వారు కాదన్నచో ఎందుకు చేయరో వ్రాసి యిమ్మని అడుగుడు.